ఎర్రగీత పిపెట్టు

“కాపీ! నలుగురూ కలిసి కాపీ కొట్టినారు!”

కెమిస్ట్రీ లెక్చరరు విఠల్ అరిచిన అరుపుకి రేకుల కింద కాపురమున్న పావురాలు లేచి ఆదోని కొండ దాకా పోయి వచ్చాయని చెబుతారు. నేనంత దూరం చెప్పను. సగం దూరం పోయి ఉంటాయి.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. ఊరి పెద్దమనుషులు నలుగురు చందా వేసుకుని ఆదోనిలో ఒక కొత్త కాలేజీ పెట్టారు. లాబొరేటరీకి చోటు లేక పత్తి గోదామొకటి బాడుగకు తీసుకున్నారు. అందులోంచి బేళ్లు వెళ్లిపోయాయి గానీ నూగు వెళ్లలేదు. బ్యూరెట్లో తేలేది, సిరాబుడ్డిలో తేలేది, లెక్చరరు మీసం మీద వాలి ఇరవై ఆరేళ్ల కుర్రవాణ్ణి గంటలో ముసలివాణ్ణి చేసేది.

ఆ మీసం ఇప్పుడు అదురుతోంది. ఎదురుగా హరిజన హాస్టలు విద్యార్థులు నలుగురు తలలు వంచుకుని నిలబడ్డారు. వాళ్లలో పొడుగువాడు మాదన్న. ఆస్పరి దగ్గర పల్లె. వాళ్ల వాడలో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటివాడు.

“కాపీ కొట్టల్యా సార్.”

“మరి నలుగురికీ ఇరవైన్నర ఎట్లా వచ్చింది? క్లాసులో అందరికీ ఇరవై వస్తే మీకు మాత్రం ఇరవైన్నర! మార్చిలో ప్రాక్టికల్ పరీక్షలో ఇట్లా చేస్తే ఫెయిలు. ఫెయిలైతే స్కాలర్‌షిప్పు పోతుంది. ఇంటికిపోయి మడక పట్టి దున్నుకోవాల్సిందే. నాకు కులం లేదు, దయా లేదు. అంకె తప్పితే సున్నానే!”

“కాపీ కొట్టేవాళ్లు పక్కవాడి ఒప్పు చూసి కొడతారు గానీ తప్పు చూసి కొడతారా సార్?”

మాట వాకిలి దగ్గర్నుంచి వచ్చింది. అందరూ తిరిగి చూశారు.

ఒక చేతిలో రేకు పెట్టె, ఇంకో చేతిలో గొడుగు. ఎమ్మిగనూరు బస్సు తన దారి దుమ్మంతా ఆమెకే ఇచ్చి పంపినట్టుంది. ఆ దుమ్ములోంచి రెండు కళ్లు మాత్రం కడిగిన గాజు గ్లాసుల్లా మెరుస్తున్నాయి. విఠల్ ఆ కళ్లను చూశాడు. చూసి, తర్వాత అరవాల్సిన మాట మరిచిపోయాడు.

“మీ... మీరెవరు?”

“సంతోషమ్మ. కొత్త డిమాన్‌స్ట్రేటరు. ఇదో ఆర్డరు. టెంపరరీ అని పెద్దక్షరాలతో రాసినారు, మీరు వెతుక్కోవాల్సిన పని లేదు.”

“కుదురుకున్నాక మాట్లాడొచ్చు కదా? ముందు మొహం కడుక్కోండి.”

“కడుక్కుంటాను సార్. మీరు కూడా మీసం తుడుచుకోండి.”

వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. ముందు బెంచీలోని పంపనగౌడ మాత్రం నవ్వలేదు. ఊరి పెత్తనం చేసే రైతు గౌడు కొడుకు, ఇంట్లో జట్కా బండి, మెడలో గొలుసు. ఆమె పేరు విన్న దగ్గర్నుంచీ అతని ముక్కు కొంచెం పైకి లేచే ఉంది.

సంతోషమ్మ పెట్టె కింద పెట్టి మాదన్న దగ్గరికి వెళ్లింది. “ఇంకోసారి చెయ్యి తమ్ముడూ. నేను చూస్తాను.”

మాదన్న మూలనున్న రేకు తట్టలోంచి ఒక పిపెట్టు తీశాడు. పిపెట్టంటే తెలుసు కదా, నడుమ లావైన సన్నటి గాజు గొట్టం. ఒక కొన ద్రావణంలో ముంచి, ఇంకో కొన నోట్లో పెట్టుకుని, గీత దాకా పీల్చి, వేలు అడ్డం పెట్టాలి. అక్కడ ఆగితే సరిగ్గా ఇరవై మిల్లీలీటర్లు. ఆగకపోతే చాకలిసోడా నీళ్లు నోట్లోకి వస్తాయి.

“ఈ ఎర్రరంగేంది?” అంది సంతోషమ్మ. ఆ తట్టలోని పిపెట్టులన్నిటికీ మెడ దగ్గర రెండు వేళ్ల మందాన ఎర్రటి పట్టీ ఉంది. టేబులు మీది మిగతావాటికి లేదు.

నలుగురూ అటెండరువైపు చూశారు. చివరికి అటెండరు భీమన్న గొంతు సవరించుకున్నాడు. “అది గుర్తమ్మా. నోట్లో పెట్టుకునేటివి కదా. హాస్టలు పిల్లోల్ల ఎంగిలి ఇంగొకరికి తగలగూడదని...”

“పుయ్యమని ఎవరు చెప్పినారు?”

“ఎవురూ సెప్పల్యా. ఇట్లాంటివి ఎవురన్నా సెప్పాల్నా యేంది? మా ఎద్దుల కొమ్ములకు పూసినాక రంగు మిగిలింటే నేనే పూసినా.”

ఆమె స్పిరిట్ దీపంలోంచి రెండు చుక్కలు గుడ్డ మీద పోసి ఆ పట్టీని గట్టిగా రుద్దింది. ఎరుపు కరిగింది. పట్టీ కింది అంచున, గాజు మీద చెక్కిన సన్నటి గీత బయటపడింది.

“మాదన్నా, గీత దాకా నింపమంటే ఏ గీత దాకా నింపుతాండారు?”

“ఎర్రగీత పైన దాకా టీచరమ్మా. మాకు ఇంగో గీత యాడుంది? సారు ముందు బెంచీల కాడ చూపించినప్పుడు మేం వెనకుంటిమి.”

విఠల్ వచ్చి ఆ గొట్టం అందుకున్నాడు. చెక్కిన గీతకీ ఎర్రరంగు పై అంచుకీ నడుమ పట్టేది లెక్క కట్టడానికి అతనికి కాగితం అక్కర్లేదు. అర మిల్లీలీటరు.

గొట్టాన్ని టేబులు మీద పెట్టి నలుగురివైపూ తిరిగాడు.

“మాదన్నా,” అన్నాడు విఠల్, “మీరు కాపీ కొట్టలేదు. నేను చూడలేదు.”

* * *

ఆ సాయంత్రం లెక్చరరు చొక్కా చేతులు మడిచి, అన్ని పిపెట్టుల రంగూ తనే తుడిచాడు. చేతులకీ చొక్కాకీ చెవికీ కూడా ఎరుపంటింది. చెవికి ఎట్లా అంటిందో కెమిస్ట్రీ ఇప్పటికీ చెప్పలేదు.

“వసంతం ఆడొచ్చినట్టుండారు సార్,” అంది సంతోషమ్మ.

“తప్పు తుడిచేసినాను. ఇక ఏ తేడా లేదు.”

“రంగు తుడిచినారు. తట్ట అట్లే ఉంది. రేపు భీమన్న రంగుకి బదులు దారం కడతాడు. అన్నీ ఒకే ట్రేలో వేద్దాం. ఎవరి చేతికి ఏది దొరికితే అది. వాడినాక అందరూ ఒకే కుళాయి కింద కడిగి పెట్టాలి.”

విఠల్ ముఖం పాలిపోయింది. “పంపనగౌడ వాళ్లు గొడవ చేస్తారు. మెల్లగా, పరీక్షలైనాక...”

“మెల్లగా మీకు బాగుంటుంది సార్. మాదన్నకి పరీక్ష మార్చిలోనే.”

ప్రిన్సిపాల్ గారు మంచివారే. అందరికీ మంచివారు కాబట్టి ఎవరికీ పనికొచ్చేవారు కాదు. ఇద్దరూ వెళ్లి చెప్పిన విషయం విని కళ్లద్దాలు తుడుచుకుంటూ దసరా సెలవులయ్యాక చేసుకోమన్నారు. “కానీ ఒక్క విద్యార్థి అలిగి బయటికి నడిచినా, అమ్మాయీ, నీ టెంపరరీ ఆర్డరు ఆ రోజుతో సరి. తర్వాత నన్ననొద్దు.”

బయటికి వచ్చాక ఆమె నవ్వింది. “చూసినారా సార్? పని ఇద్దరిదీ. పోయేది మాత్రం నా ఉద్యోగం. మిమ్మల్ని కనీసం బెదిరించను కూడా లేదు పాపం.”

తనకు కులం లేదని నిత్యం చెప్పుకునే విఠల్‌కి ఆ మాట చేపముల్లులా గొంతులో పడింది. వాళ్లింట్లో చేప ఎవరూ తినలేదు గానీ, ముల్లు సంగతి అతనికి అప్పట్నుంచి తెలిసింది.

* * *

విఠల్ తండ్రి సేతుమాధవరావు మంత్రాలయంలో సంస్కృతం చెప్పే పండితుడు. శనివారం మధ్యాహ్నం రైలెక్కితే విఠల్ పొద్దుండగానే ఇంటికి చేరతాడు. అట్లాంటి మనిషి ఉన్నట్టుండి ఎమ్మిగనూరు బస్సెక్కి చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాడు. కారణమడిగితే, రైలు పొగ తనకు పడటం లేదన్నాడు. ఆ బస్సు వదిలే పొగకి దారి పక్క గొర్రెలు కూడా దగ్గేవి.

“రైలు ఏం పాపం చేసింది సార్?” అంది ఒక శనివారం ముందు సీట్లోంచి సంతోషమ్మ.

“ఈ దారిలో పొలాలు బాగుంటాయి.”

ఆమె కిటికీలోంచి చూసింది. నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. ఒక తుమ్మచెట్టు, దాని కింద ఒక మేక. “అవును సార్. కళ్లు తిరుగుతాండాయి ఆ పచ్చదనానికి.”

ఎమ్మిగనూరులో ఆమె కోసం తండ్రి ఇశ్రాయేలు నిలబడి ఉండేవాడు. నూలుకు రంగులద్దే షెడ్డులో కూలి. మోచేతుల దాకా నీలం. చిన్నప్పుడు కూతురికి అన్నం కలిపిపెడితే ముద్ద కూడా నీలంగా ఉండేదని, అందుకే ఆ పిల్ల రంగుల చదువు చదివిందని వాడలో చెప్పుకునేవారు.

“నమస్కారమండీ,” అని విఠల్ చెయ్యి చాచాడు మొదటిసారి.

ఇశ్రాయేలు తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “రంగు అంటుతాది సారూ.”

“నాకు అలవాటే. మీ అమ్మాయిని అడగండి.”

ఇశ్రాయేలు కూతురివైపు చూశాడు. కూతురు బస్సు చక్రంవైపు చూసింది. అంతగా చూడాల్సింది ఏముందో ఆ చక్రంలో.

* * *

దసరా తర్వాత మొదటి ప్రాక్టికల్ క్లాసు. టేబులు మీద ఒకే ట్రే. అందులో పిపెట్టులన్నీ కలిసి పడుకున్నాయి. సంతోషమ్మ ఒకటి తీసి, సోడా నీళ్లు గీత దాకా పీల్చి, ఫ్లాస్కులో వదిలి చూపించింది.

“కంటిమట్టానికి పెట్టుకుని చూడాల. వెనకోళ్లు ముందుకు రాండి. అందరికీ గీత కనపడిందా?”

కనపడింది. పంపనగౌడకి ఇంకేదో కూడా కనపడింది. లేచి నిలబడ్డాడు.

“సార్, దేన్ని ఎవరు నోట్లో పెట్టుకున్నారో తెలీకుండా మేమెట్లా పెట్టుకునేది? మాకూ ఇంట్లో పెద్దలున్నారు. నేను పోతాండాను.” అతని వెనకే మరో ఇద్దరు లేచారు.

అతను వాకిలివైపు నడిచాడు. ఇంకొంచెం పోతే సంతోషమ్మ ఉద్యోగం అతని వెనకే పోతుంది. ఆమె ముఖంలో రంగు మారలేదు. పిపెట్టు పట్టుకున్న వేళ్లు మాత్రం బిగుసుకున్నాయి.

విఠల్ వచ్చి ఆ వేళ్లలోంచి పిపెట్టు తీసుకున్నాడు. కడగలేదు. తుడవలేదు. ఆమె పెదవులు తగిలిన కొనని తన నోట్లో పెట్టుకుని, సోడా నీళ్లు గీత దాకా పీల్చి, వేలు అడ్డం పెట్టి, ఫ్లాస్కులోకి వదిలాడు.

“ఇరవై,” అన్నాడు.

వాకిట్లో పంపనగౌడ కొయ్యబారిపోయాడు. అటెండరు భీమన్న చేతిలోంచి బకెట్టు జారి, దాని మోతకి పావురాలు మళ్లీ లేచిపోయాయి. ఈసారి కొండ దాకా పోయే ఉంటాయి.

“పండితుల కొడుకు ఎంగిలి...” అని ఎవరో గొణిగారు. గౌడు కొడుకు కాసేపు అటూ ఇటూ చూసి, వచ్చి కూర్చున్నాడు. లేచిన ఇద్దరూ కూర్చున్నారు.

క్లాసయ్యాక విఠల్ మెచ్చుకోలు కోసం మీసం సవరించుకుంటూ నిలబడ్డాడు. సంతోషమ్మ గాజు సామాను సర్దుతూ తలెత్తకుండా అడిగింది.

“ఒక మాట సార్. నేను నోట్లో పెట్టుకున్నప్పుడు లేని శుభ్రం, మీరు పెట్టుకుంటే ఎట్లా వచ్చింది దానికి?”

“అది... నేను మీ ఉద్యోగం పోకుండా...”

“తెలుసు. నా ఉద్యోగం మీ నోటితో నిలబడింది. నా మాటతో నిలబడలేదు.” ఆమె కళ్లలో నీళ్లున్నాయి, కోపమూ ఉంది. “రేపటి క్లాసు నేనొక్కదాన్నే తీసుకుంటాను. మీరు రావద్దు.”

విఠల్ మీసం మీది చెయ్యి కిందికి దిగింది. “రాను,” అన్నాడు.

మరునాడు గోదాము వెనక గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు. లోపల సంతోషమ్మ గొంతు: “పంపనగౌడా, నీ ద్రావణం ఎక్కువైంది, మళ్లీ చెయ్యి.” బెంచీ ఒకటి కిర్రుమంది. తర్వాత, “చేస్తాండా టీచర్.” గోడకానుకున్న మనిషి ఆ సందులోనే ఒక గంతు వేశాడు. గేదెను తోలుకుపోతున్న ముసలామె, ఉద్యోగం చేసే వయసులో ఇదేం రోగం నాయనా అని జాలిపడి పోయింది.

* * *

మన వైపు ఒకరి ఎంగిలి ఒకరు తాకారంటే దానికి ఒకటే అర్థం. కొత్త పెళ్లికూతురు మొగుడి విస్తట్లో తింటుంది చూడండి, అది. కాబట్టి ఆదోని బజారు ఈ పిపెట్టుకి పెళ్లి చేసేసింది. తేరు బజారులో మొదలైన కబురు స్టేషను చేరేసరికి తాళిబొట్టు కట్టించింది. మంత్రాలయం చేరేసరికి, ఆ గొట్టంలోంచి ఇద్దరూ పాయసం తాగారని తేలింది.

వారం తిరక్కుండా సేతుమాధవరావు, ఆయన భార్య అంబాబాయి ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నారు. విఠల్‌నీ సంతోషమ్మనీ పిలిపించారు.

“ఏం లేదయ్యా,” అన్నారు ప్రిన్సిపాల్ గారు, “తొందరలో ఎవరిదో చూసుకోకుండా తీసుకున్నాను, పొరపాటు అని నాన్నగారి ముందు ఒక్క మాట అనేసెయ్. నీకు మచ్చ ఉండదు. అమ్మాయిని గౌరవంగా వేరే ఊరి బడికి సిఫారసు చేస్తాను.”

“చిటికెడు మాట విఠలా,” అన్నాడు తండ్రి.

“అంతకంటే ముందు చెప్పు,” అంది అంబాబాయి, “ఆ సోడా నీళ్లు కడుపులోకి పోలేదు కదరా?”

“పోలేదమ్మా.” విఠల్ తండ్రివైపు తిరిగాడు. “ఎవరిదో చూసే తీసుకున్నాను నాన్నగారూ. పొరపాటు అంటే నాకు మచ్చ పోతుంది, నిజమే. ఆమెకట్లాంటి మాట ఒకటి అనే వీలే లేదు. నాకున్నది కదా అని నేను వాడుకోను.” ఊపిరి పీల్చుకున్నాడు. “ఇంకొకటి. బజారులో పెళ్లయిపోయిందంటున్నారు. కాలేదు. కావాలని నాకుంది.”

ప్రిన్సిపాల్ గారి కళ్లద్దాలు ముక్కు చివరికి వచ్చాయి.

“ఏం సార్,” అంది సంతోషమ్మ, “ప్రిన్సిపాల్ గారినా అడుగుతాండేది? ఆయనకి పెళ్లయింది.”

అంబాబాయి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో కొంగుకే తెలుసు.

విఠల్ ఆమెవైపు తిరిగాడు. “సంతోషమ్మా, మిమ్మల్నే అడుగుతున్నాను.”

“అయితే చెప్తాను. నాకూ ఉంది.” ఆమె చెంపలు మిథైల్ ఆరెంజిలో ఆమ్లం పడ్డట్టు ఎర్రగా రంగు తిరిగాయి. గొంతు మాత్రం తిరగలేదు. “కానీ మార్చి తర్వాత. ఇప్పుడు చేసుకుంటే, లెక్చరరు భార్య కాబట్టి ఉంచుకున్నారంటారు. ప్రిన్సిపాల్ గారూ, పరీక్షకి బయటి ఊరి ఎగ్జామినరు వస్తారు. నేను నేర్పిన క్లాసు ఆయన ముందు నిలబడితే నా పోస్టు పర్మనెంటు చెయ్యండి. నిలబడకపోతే నేనే పెట్టె సర్దుకుంటాను.”

ప్రిన్సిపాల్ గారు జీవితంలో మొదటిసారి ఎవరి మొహమూ చూడకుండా “సరే” అన్నారు.

సేతుమాధవరావు మాత్రం లేచి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

* * *

మార్చి వచ్చింది. బళ్లారి నుంచి వచ్చిన ఎగ్జామినరు నవ్వినట్టు చరిత్రలో ఎక్కడా లేదు. ఆయన లోపల, విఠల్ బయట. అటూ ఇటూ తిరిగి తిరిగి ఆ వాకిట్లో కాలువ తవ్వాడు. తర్వాత వానాకాలంలో అందులో నీళ్లు పారాయంటే నమ్మరు మీరు.

లోపల పంపనగౌడ బ్యూరెట్టు కుళాయిలో పత్తి నూగు అడ్డం పడి చుక్క దిగడం ఆగిపోయింది. చెమటలు పోశాయి. ఎగ్జామినరు చూపు అటే ఉంది.

“కుళాయి ఊడదీసి నీళ్లు పొయ్యన్నా,” అని పక్కనుంచి మాదన్న గుసగుసలాడాడు, “ఊదినావంటే ఇంగా లోపలికి పోతాది.”

పోశాడు. నూగు పోయింది. పంపనగౌడ గబగబా ట్రేలోకి చెయ్యి పెట్టాడు. మాదన్న అప్పుడే వాడి, కడిగి పెట్టిన పిపెట్టే చేతికొచ్చింది. తెలుసు. ఒక్క క్షణం చూశాడు. నోట్లో పెట్టుకున్నాడు.

ఎగ్జామినరు బయటికి వచ్చి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “వెనక బెంచీ, ముందు బెంచీ అన్న తేడా తెలియని క్లాసు ఈ జిల్లాలో ఇదే చూశాను. ఎవరు నేర్పారు?”

విఠల్ నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, పక్కకు జరిగాడు. వెనక సంతోషమ్మ నిలబడి ఉంది.

“నేనండీ,” అంది.

మాదన్న వాళ్లు నలుగురూ పాసయ్యారు. సంతోషమ్మ ఆర్డరులో టెంపరరీ అన్న మాట పోయింది.

* * *

ఏప్రిల్‌లో విఠల్ తల్లిదండ్రులను తీసుకుని ఎమ్మిగనూరులో ఇశ్రాయేలు ఇంటికి వెళ్లాడు. సేతుమాధవరావు వస్తానని ఎందుకన్నాడో ఎవరికీ తెలియదు. ఒకసారి చూసి వద్దని చెబుతానన్నాడు బస్సులో. వీధిలోనే గొడుగు వేసుకుని నిలబడిపోయాడు. అంబాబాయి మాత్రం, “కాళ్లు పీకుతున్నాయి, మీరు నిలబడండి,” అని చక్కా లోపలికి వెళ్లి సంతోషమ్మ పక్కన చాప మీద కూర్చుంది.

వాకిట్లో ఇశ్రాయేలు, వీధిలో పండితుడు. ఒకరికి పిలవడం తెలియదు, ఇంకొకరికి రావడం తెలియదు.

అప్పుడు వాన మొదలైంది. ఎమ్మిగనూరులో వేసవి వాన అంటే కుండలు బోర్లించి కొట్టడమే. గొడుగు గాలికి తిరగబడి గిన్నెలా పైకి నోరు తెరిచింది.

“సామీ,” అన్నాడు ఇశ్రాయేలు, “లోపలికి రాండి అంటే తప్పయితాదేమో. అనకపోతే తడుస్తాండారు. ఏం సెయ్యమంటారో మీరే సెప్పండి.”

సేతుమాధవరావు వానలో ఆ నీలం చేతులవైపు చాలాసేపు చూశాడు. జుట్టు ముడిలోంచి నీళ్లు కారుతున్నాయి.

“పిలవండి ఇశ్రాయేలు గారూ. నేను కూడా ఎప్పుడూ ఇట్లా వచ్చినవాణ్ణి కాదు. పిలిచి చూడండి.”

“రాండి.”

వచ్చాడు. ఇశ్రాయేలు తువ్వాలు అందించాడు. ఆయన తల తుడుచుకున్నాడు. తెల్లటి జుట్టుకు ఓ నీలం చార అంటింది. అంబాబాయి చూసింది గానీ చెప్పలేదు.

“రిజిస్ట్రారు ఆఫీసులో నెల ముందు నోటీసు పెట్టాలటగా,” అన్నాడు సేతుమాధవరావు తువ్వాలు మడుస్తూ. “ఆలస్యం ఎందుకు? సోమవారం పెట్టండి.”

ఈ సందడిలో అందరూ ఒకణ్ణి మరిచిపోయారు. పెళ్లికొడుకు ఇంకా వీధిలోనే, తిరగబడ్డ గొడుగు పట్టుకుని, మీసాల కొనల నుంచి చుక్కలు రాలుతూ నిలబడి ఉన్నాడు.

సంతోషమ్మ వాకిట్లోకి వచ్చింది. “మిమ్మల్ని వేరే పిలవాలా సార్?”

“పిలవాలి. సార్ అంటే రాను.”

ఆమె వెనక్కి చూసింది. లోపల పెద్దవాళ్లందరూ ఒక్కసారిగా ఇంటి కప్పు చూడటం మొదలుపెట్టారు.

“రా విఠల్,” అంది.